డోర్నకల్‌కి కొత్త అయ్యగారు

1912 డిసెంబరు 29. ఆదివారం. కలకత్తా.

సెయింట్ పాల్స్ కెథెడ్రల్ గోడల్ని చలి పట్టుకుని ఉంది. పాట ఆగింది. అంత ఎత్తు కప్పు కింద ఎవరు దగ్గినా గుడంతా వినిపిస్తుంది. బలిపీఠం ముందు పదకొండు మంది బిషప్పులు. పదకొండు మందీ తెల్లవాళ్ళే. వాళ్ళ మధ్య మోకాళ్ళ మీద ఒక్క నల్లటి మనిషి. వయసు ముప్పై ఎనిమిది. మెట్రోపాలిటన్ కోపుల్‌స్టన్ చేతులు చాపారు. మిగతా చేతులూ కదిలాయి. ఒకదాని పక్కన ఒకటి వచ్చి ఆ తల మీద ఆనాయి.

ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. ఆ సంగతి గుడిలో ఉన్న అందరికీ తెలుసు. కానీ ఆయన వెళ్ళాల్సింది ఏ రాజధానికీ కాదు. నిజాం రాజ్యంలో సింగరేణి బొగ్గు రైళ్ళు మళ్ళే ఒక జంక్షన్‌కి. చుట్టూ వెట్టిచాకిరీ పల్లెలు. అక్కడి జనం మాట తెలుగు. ఆయన మాట తమిళం.

పైగా ఆయన వద్దని అప్పటికే చాలామంది అన్నారు.

పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలో వెళ్ళాళన్‌విళై అనే ఊళ్ళో పుట్టారు. నాన్న పల్లెటూరి గురువు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, రైళ్ళెక్కి ఊరూరూ తిరిగి, కుర్రాళ్ళని పోగేసి, మీ దేశంలో సువార్త మీరే మోయాలి, తెల్లదొరల కోసం ఎన్నాళ్ళు ఎదురుచూస్తారు అని పదేళ్ళకు పైగా చెప్తూనే ఉన్నారు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు సొంత మిషన్ పెట్టుకోవడం వెనక ఉన్నది ఆయనే. ఆ మిషన్ తన మనుషుల్ని పంపింది ఎక్కడికో కాదు, మన మానుకోట వైపుకే. 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడూ ముందు నిలబడ్డది ఆయనే. మనుషులు మనవాళ్ళు, డబ్బు మనది, నడిపేదీ మనమే అన్నది దాని పట్టు.

అందరినీ పొమ్మన్నారు. మరి తనో?

ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. మద్రాసులో మంచి ఉద్యోగం, పేరు, స్నేహితులు. ఇంట్లో భార్య అన్బు మరియమ్మాళ్, చిన్న పిల్లలు. తెలుగు దేశంలో ఏముంది? తెలిసిన మొహం లేదు. తెలిసిన మాట లేదు. భార్యాభర్తలు ప్రార్థన చేశారు. 1909లో ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చేశారు. జూన్ 29న డీకన్‌గా అభిషేకం పొందారు. ఆ ఏడాది ముగిసేలోగా పూర్తి స్థాయి గురువయ్యారు. తర్వాత సామాను సర్దుకుని డోర్నకల్‌లో దిగారు.

ఉండడానికి ఇల్లు లేదు.

గుడారం వేసుకున్నారు. డోర్నకల్ ఎండ సంగతి ఆ లైన్లో ప్రయాణం చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రాళ్ళ నేల పగలంతా తాగిన వేడిని రాత్రి కక్కుతుంది. ముప్పై ఐదేళ్ళ మనిషి అ ఆల దగ్గర మొదలుపెట్టారు. తమిళంలో క ఒక్కటే అక్షరం. తెలుగులో క ఖ గ ఘ నాలుగూ వేర్వేరు, నాలుక తప్పితే మాట తప్పుతుంది. వేల మంది ముందు ఇంగ్లిషులో అనర్గళంగా మాట్లాడే మనిషి ఇక్కడ పలకా బలపం పిల్లాడయ్యారు. ఇది చిన్న విషయం కాదు. పెద్ద పేరున్నవాడు తెలియనితనాన్ని నలుగురి ముందు ఒప్పుకోవడానికి గుండె ఉండాలి.

మాల పల్లెల్లో, మాదిగ పల్లెల్లో ఆరాధన చీకటి పడ్డాకే. పగలు వాళ్ళ కాలం వాళ్ళది కాదు, దొరది. పొలం నుంచి, వెట్టి నుంచి వచ్చి, గంజి తాగి, పిల్లల్ని చంకనేసుకుని దీపం దగ్గరికి చేరేవారు. చెమట వాసన, కిరసనాయిలు పొగ, నిద్రకి జోగే పిల్లలు. వాళ్ళ ముందు ఈ అరవాయన. వీళ్ళ బాధ ఈయనకి అర్థమవుతుందా? ఉంటాడా, నాలుగు నెలలకి రైలెక్కుతాడా?

రైలెక్కారు. కానీ వెళ్ళిన చోటు వేరు.

1910 జూన్. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో. ప్రపంచ మిషనరీ మహాసభ. హాల్లో 1,200 మందికి పైగా ప్రతినిధులు. ఆసియా నుంచి వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అజరయ్య లేచారు. పొగడ్తలు వస్తాయనుకున్నారు సభికులు. ముందు వచ్చాయి కూడా. మిషనరీల త్యాగానికి భారత సంఘం ఎప్పుడూ కృతజ్ఞతతో ఉంటుందన్నారు. తర్వాత గొంతు మారింది. కలిసి ఏళ్ళ తరబడి పనిచేసే భారతీయ సేవకుణ్ణి ఇంటికి పిలవని దొరల గురించి, కుర్చీ చూపించని, చెయ్యి కలపని, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టని మర్యాదల గురించి, పరలోకంలో సింహాసనాల మాట చెప్పి భూమ్మీద మాత్రం ఎడం పాటించే పద్ధతి గురించి, ఆయన ఒక్కొక్కటే ఆ దొరల మొహం మీదే చెప్పుకుంటూ పోయారు. కుర్చీతోనో విందుతోనో సరిపోదని కూడా చెప్పారు. చివరికి అడిగింది ఒక్కటే. స్నేహం.

కొందరు చలించిపోయారు. కొందరికి ఒళ్ళు మండింది. ఇలా మాట్లాడినవాడికి సంఘంలో పైమెట్టు దొరుకుతుందా?

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ మాత్రం పట్టు వదల్లేదు. పల్లెల్లో వెల్లువలా పెరుగుతున్న తెలుగు సంఘాలకి భారతీయుడే బిషప్ కావాలి, అజరయ్యే కావాలి అన్నారు. అభ్యంతరాల మీద అభ్యంతరాలు వచ్చాయి. తెల్ల మిషనరీలు భారతీయుడి కింద పనిచేస్తారా? ఇంకా కాలం రాలేదు కదా? మన క్రైస్తవుల్లోనూ కొందరు వద్దన్నారు. మనలో ఒకణ్ణి మనమే నమ్మలేకపోవడం ఆ రోజుల్లో మన గుండెల్లో ఇంకిపోయిన జబ్బు. డోర్నకల్ నిజాం రాజ్యంలో ఉండటం కలిసొచ్చింది. బ్రిటిష్ ఇండియా చట్టాల చిక్కులు అక్కడ అంతగా అడ్డురాలేదు. దారి తెరుచుకుంది.

కలకత్తాలో ఆ చేతులు తల మీద ఆనింది అప్పుడే.

బిషప్‌గా డోర్నకల్‌కి తిరిగొచ్చిన మనిషి మారలేదు. ఎద్దుబండి కట్టించారు. దుమ్ము, గతుకులు, వాగులు. బండి పొలిమేర చేరేసరికి డప్పులు మోగేవి. కాగడాలు, పూలదండలు, అయ్యగారొచ్చారని పరుగెత్తే పిల్లలు. బాప్తిస్మానికి నిలబడ్డవాళ్ళ చేత వాళ్ళ చేతిని వాళ్ళ తల మీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అపొస్తలుడి మాటని వాళ్ళ నోటితోనే పలికించేవారు. అక్షరం రాని కూలీ మనిషి కూడా ఆ క్షణాన సేవకుడే. మీ నలుగురు శత్రువులు వీళ్ళు అని వేళ్ళు మడిచి చెప్పేవారు: మురికి, జబ్బు, అప్పు, తాగుడు. తెలుగు కీర్తన, కోలాటం, డప్పు గుళ్ళోకి రావాలన్నారు. అన్బు అమ్మగారు ఆడవాళ్ళ మధ్య కూర్చున్నారు.

అసలు పరీక్ష ఇంకా ముందుంది.

1920. డోర్నకల్ అధ్యక్ష ఖండం హద్దులు పెరిగాయి. బెజవాడ, బందరు లాంటి చోట్ల ఉన్న పాత ఇంగ్లిషు మిషన్ల సంఘాలు ఆయన కిందికి వచ్చాయి. బందరు మామూలు ఊరు కాదు. 1841 నుంచి ఇంగ్లిషు మిషనరీలు పాతుకుపోయిన చోటు, నోబుల్ కాలేజీ ఉన్న చోటు. ఎనిమిదేళ్ళ కింద వేసిన ప్రశ్న ఇప్పుడు గడప దగ్గరికే వచ్చి నిలబడింది. తెల్లదొర నల్లటి బిషప్ ముందు మోకరిస్తాడా?

మోకరించారు. అందరూ ఒక్క రోజులో మనసు మార్చుకోలేదు. కానీ బండి మీద వచ్చి, పల్లెలో పడుకుని, తప్పు చేసిన గురువుని దగ్గర కూర్చోబెట్టుకుని సరిదిద్దే మనిషిని ఎన్నాళ్ళు కాదంటారు? 1935 నాటికి ఆ ఖండంలో పల్లె ఉపాధ్యాయులే 2,000 మందికి పైగా. చాలామంది ఆ మాల, మాదిగ పల్లెల బిడ్డలే.

ఇంకోపక్క డోర్నకల్‌లో ఒక గుడి లేస్తోంది. లేస్తూ ఆగుతోంది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, డబ్బు లేదు. మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. గోపురాలు, మినార్లు, రాతి స్తంభాల మీద తామరలు. పరాయి దేశపు గుడిలా కాక, హిందూ ముస్లిం కట్టడాల అందాన్ని కలుపుకుని ఈ నేల గుడిలా ఉండాలన్నది ఆయన పట్టుదల. పాతికేళ్ళు పట్టింది. 1939 జనవరి 6న ఎపిఫనీ పండుగ నాడు తలుపులు తెరిచారు. గుడారంలో తెలుగు దిద్దుకున్న ఊళ్ళోనే, తెలుగు జనంతో నిండిన కెథెడ్రల్‌లో ఆయన నడిచారు. వయసు అరవై నాలుగు.

ఇంకొక్క కోరిక మిగిలింది. 1919లో తరంగంబాడిలో మొదలైన మాట. విడివిడిగా ఉన్న సంఘాలన్నీ ఒక్కటి కావాలని. చర్చలు, తీర్మానాలు, అడ్డంకులు, మళ్ళీ చర్చలు. ఆయన జుట్టు నెరిసింది. చర్చలు తెగలేదు.

1945 జనవరి 1. కొత్త సంవత్సరం. డోర్నకల్‌లో అజరయ్య కన్నుమూశారు.

ముప్పై రెండేళ్ళు ఒకే కాపరి. ఆయన తప్ప మరో బిషప్‌ని చూడని తరం పిల్లల్ని కని పెంచింది. ఇప్పుడెవరు? ఆయన వచ్చిన కొత్తలో తెలుగు పల్లెలు మోసిన భయమే మళ్ళీ గుడి మెట్లెక్కింది. వచ్చే మనిషి ఎలాంటివాడో?

వచ్చింది ఆంథొనీ ఎలియట్. తెల్లదొర. అజరయ్య కింద పదేళ్ళు సహాయ బిషప్‌గా పనిచేసినవారు. ఒకనాడు భారతీయుడి కింద దొరలు పనిచేస్తారా అని అడిగారు. ఇప్పుడు ఆ భారతీయుడి కింద పని నేర్చిన దొర ఆయన పీఠంలో కూర్చున్నారు. డోర్నకల్ ఆయన్నీ తన అయ్యగారిగానే తీసుకుంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అజరయ్య చూడలేకపోయిన రోజు అది. ఆ రోజున డోర్నకల్ ఆ ఐక్యతలో చేరింది.

పెద్దవూరలో, మిర్యాలగూడలో, కోదాడలో, సూర్యాపేటలో ఏటా ఎక్కడో ఒక సంఘానికి కొత్త పాస్టరుగారు వస్తూనే ఉంటారు. పాతవారిని తలచుకుని కళ్ళు తడుస్తాయి. తప్పేం లేదు. కానీ మీ ఊరికి వచ్చినాయన మొదటి ఆదివారం ఆరాధన ముగించి గుమ్మం దిగేలోపే, అమ్మగారినీ పిల్లల్నీ కలిపి మీ ఇంటికి భోజనానికి పిలవండి.