రంపా పోరులో తూటా కథ



మొన్న రాత్రి మా హాస్టల్లో రంపా తిరుగుబాటు గురించి మాట్లాడుకున్నాం. అల్లూరి పోలీస్ స్టేషన్లపై దాడి చేశారని అందరం చదివాం. కానీ స్టేషన్లే ఎందుకు?

మన కొండల్లో ఉన్నది నాటు తుపాకీ. గొట్టం మూతి నుంచే మందు, గుండు కూరాలి. పిట్టకైతే కొంచెం మందు, అడవిపందికైతే ఎక్కువ. దెబ్బ ఎంత గట్టిగా ఉండాలో మన చెయ్యే తేల్చేది. వేటకి అది చాలు. పోరుకి చాలదు. ఒకసారి పేల్చి మళ్లీ కూరేలోపు ఎదుటివాడు ఎన్నోసార్లు కాలుస్తాడు. వానకి మందు తడిస్తే అదీ పేలదు.

పోలీసుల తూటా ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. అందుకే 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దొరికాయి. ఏం తీసుకున్నారో రాసి మరీ సంతకం పెట్టి వెళ్లారు.

దాంతో సర్కారుకి భయం పట్టుకుంది. అక్టోబర్‌లో అడ్డతీగల వెళ్లేసరికి ఆయుధాలు ముందే దాచేశారు. కాల్చేసిన తూటా మళ్లీ కొండలో పుట్టదు కదా! 1924 మే 7న అల్లూరిని, జూన్‌లో గాం గంటం దొరని చంపేశారు. తమ్ముడు మల్లు దొర అండమాన్ జైలుకెళ్లి, తర్వాత 1952లో ఎంపీ అయ్యారు.

ఆ పోరులో బియ్యం మోసినవాళ్లు, దారి చూపినవాళ్లు మన తాతముత్తాతలే. వాళ్ల పేర్లు మా పాఠంలో లేవు. ఈ సెలవుల్లో ఇంటికెళ్లి పెద్దల్ని అడుగుదాం, విన్నది రాసి ఇక్కడే పెడదాం.