హాలంతా తిరిగిన పాట: పింక్ ఫ్లాయిడ్ కచేరీల పుట్టుపూర్వోత్తరాలు

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణలో ఒక పెట్టె ఉంది. చూడ్డానికి పాతకాలపు రేడియో మెకానిక్ బల్ల మీద కనిపించే సామానులా ఉంటుంది. పైన చేత్తో పట్టుకుని నలువైపులా వంచడానికి వీలైన రెండు పుల్లలున్నాయి. పేరు అజిమత్ కోఆర్డినేటర్. 1960ల చివర్లో బెర్నార్డ్ స్పైట్ అనే ఇంజినీరు దీన్ని పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం కోసం తయారుచేశాడు.

అది చేసే పని చెప్పడానికి చాలా తేలిక. హాలు నాలుగు మూలలా స్పీకర్లు పెడతారు. పుల్లను ఏ మూలకు వంచితే శబ్దం ఆ మూల నుంచి వస్తుంది. గుండ్రంగా తిప్పితే శబ్దం కూడా జనం చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ ఈ పుల్లలు తిప్పేవాడు. అడుగుల చప్పుడు వీపు వెనక మొదలై పక్కనుంచి సాగి ముందుకు వెళ్ళిపోయేది. జనం తలలు తిప్పి వెనక్కి చూసేవారు.

అంతవరకూ కచేరీ అంటే వేదిక ఒకవైపు, జనం ఒకవైపు. ఈ పెట్టె ఆ లెక్క మార్చి వినేవాడిని పాట మధ్యలో కూర్చోబెట్టింది. ఆ కచేరీలు చూసినవాళ్ళు యాభై ఏళ్ళ తర్వాత కూడా వేదిక మీద ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది కాదు, తాము ఎక్కడ కూర్చున్నామన్నది ముందు చెబుతారు. పింక్ ఫ్లాయిడ్ కచేరీ కథ అంతా ఆ జ్ఞాపకంలోనే ఉందని నాకనిపిస్తుంది. వాయించేవాళ్ళు తమను తాము మరుగుపరచుకుంటూ పోయారు. ఆ మేరకు వినేవాడికి చోటు పెరుగుతూ వచ్చింది.

అద్దె ఇంట్లో మొదలు

1962లో లండన్ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ముగ్గురు కుర్రాళ్ళు ఆర్కిటెక్చర్ కోర్సులో చేరారు: రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్. కట్టడాల గీతలు గీయడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పాటల్లో పడ్డారు గానీ, ఆ చదువు వృథా పోలేదు. తర్వాతి రోజుల్లో వాళ్ళు వేదికను ఒక కట్టడంలాగే ఆలోచించారు.

వాళ్ళు అద్దెకు దిగిన ఇల్లు మైక్ లెనర్డ్‌ది. ఆయన హార్న్సీ ఆర్ట్ కాలేజీలో వెలుతురు, శబ్దం కలిపి ప్రయోగాలు చేసేవాడు. గాజు, లోహపు ముక్కల్ని తిప్పుతూ గోడ మీద రంగు వెలుగుల్ని కదిలించే యంత్రాలు కట్టేవాడు. కుర్రాళ్ళు ఆ వెలుగులకు తోడుగా వాయించేవారు. బృందం పేరు కూడా కొంతకాలం లెనర్డ్స్ లాడ్జర్స్, అంటే లెనర్డ్ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు. తర్వాత చిత్రలేఖనం చదవడానికి కేంబ్రిడ్జ్ నుంచి వచ్చిన సిడ్ బారెట్ వీళ్ళతో కలిశాడు. ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకులు పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ పేర్లు కలిపి బృందానికి కొత్త పేరు పెట్టింది అతనే.

1966 డిసెంబరులో లండన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో యూఎఫ్‌ఓ క్లబ్ తెరిచారు. నేలమాళిగలో నడిచే ఆ క్లబ్బులో పింక్ ఫ్లాయిడ్ తరచుగా వాయించింది. గాజు స్లయిడ్ల మధ్య రంగులూ నూనెలూ పోసి వేడిచేస్తే అవి బుడగలై, పాయలై పాకేవి. ఆ బొమ్మ వాయించేవాళ్ళ ఒంటిమీద, వెనక గోడమీద పడేది. మనుషుల ముఖాలు తెలిసేవి కావు. రంగుల్లో కదిలే ఆకారాలు, వాటిలోంచి వచ్చే శబ్దం, అంతే. వెలుతురు కింద నిలబడి ముఖం చూపించుకోవడమే గాయకుడి పని అనుకునే రోజుల్లో ఇది కొత్త.

1967 ఏప్రిల్ 29 రాత్రి అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో తెల్లవార్లూ ఉత్సవం జరిగింది. పింక్ ఫ్లాయిడ్ వంతు వచ్చేసరికి తూరుపు తెల్లబడుతోంది. పెద్ద కిటికీల్లోంచి పడిన పొద్దు బారెట్ గిటారుకు అంటించిన గుండ్రటి అద్దాలకు తగిలి జనం మీద చెదిరింది. నిద్రలేని వేలమంది ఆ ఉదయాన్ని జీవితాంతం చెప్పుకున్నారు.

రెండు వారాల తర్వాత, మే 12న, థేమ్స్ ఒడ్డున క్వీన్ ఎలిజబెత్ హాలులో 'గేమ్స్ ఫర్ మే' కచేరీ జరిగింది. శబ్దాన్ని హాలంతా తిప్పే ప్రయోగం జనం మొదటిసారి విన్నది ఇక్కడే. సబ్బు బుడగలు వదిలారు, జనానికి పూలు పంచారు. బుడగల మరకలు, నలిగిన పూలు కుర్చీలను పాడుచేశాయని హాలు నిర్వాహకులు బృందాన్ని మళ్ళీ రానివ్వబోమన్నారు. కచేరీ తర్వాత పెట్టెను కూడా ఎవరో ఎత్తుకుపోయారు. మరొకటి చేయించుకోవాల్సి వచ్చింది.

ముఖం పోయిన బృందం

1967 ముగిసేలోపే బారెట్ మనసు అదుపు తప్పింది. కొన్ని రాత్రులు గిటారు పట్టుకుని ఊరికే నిలబడిపోయేవాడు. 1968 ఆరంభంలో డేవిడ్ గిల్మర్ వచ్చి చేరాడు, కొద్ది నెలల్లో బారెట్ బయటికి వెళ్ళిపోయాడు. పాటలు రాసేది అతనే, జనం గుర్తుపట్టే ముఖమూ అతనిదే. ఆ ముఖం లేకుండా నిలబడాలంటే మిగిలిన నలుగురికీ ఒకటే దారి కనిపించింది: మనుషుల్ని చూడ్డానికి కాదు, ఒక అనుభవం కోసం జనం రావాలి.

1969లో 'ద మ్యాన్ అండ్ ద జర్నీ' పేరుతో కచేరీ అంతటినీ ఒకే కథగా కట్టారు. ఒక మనిషి దినచర్య అందులో సగం. వేదిక మీదే రంపంతో కోసి, సుత్తితో కొట్టి చెక్క బల్ల చేశారు. ఆ చప్పుళ్ళే తాళం. తర్వాత టీ కాచుకుని తాగారు. ఏప్రిల్ 14న రాయల్ ఫెస్టివల్ హాలులో ఒక మనిషి సముద్ర రాక్షసి వేషంలో జనం మధ్యకొచ్చి తిరిగాడు.

1971 మే 15న లండన్ క్రిస్టల్ ప్యాలెస్ బౌల్ తోటలో మరో విచిత్రం. వేదికకూ జనానికీ మధ్య కొలను. వాన కురుస్తోంది. పాట మధ్యలో పొగలు కమ్మి, గాలి నింపిన పెద్ద ఆక్టోపస్ నీళ్ళలోంచి పైకి లేచింది. ఆ రోజు అక్కడున్నవాళ్ళు తడిసిన బట్టలనూ ఆక్టోపస్‌నూ కలిపే గుర్తుచేసుకుంటారు. కొలనులో చేపలు చచ్చిపోయాయని బృందానికి బిల్లు వచ్చిందన్న మాట కూడా దాని వెంటే వస్తుంది.

అదే ఏడాది అక్టోబరులో ఇటలీ వెళ్ళి, పాంపేయి శిథిలాల్లోని రోమన్ల నాటి రంగస్థలంలో సినిమా కోసం వాయించారు. చుట్టూ ఖాళీ రాతిమెట్లు తప్ప ప్రేక్షకులు ఎవరూ లేరు. ఇరవై మూడు నిమిషాలు సాగే 'ఎకోస్' ఆ రాళ్ళ మధ్య మోగింది. ఆ బృందాన్ని ఎప్పుడూ కళ్ళారా చూడని దేశాల అభిమానులకు ఈ సినిమాయే తొలి కచేరీ అయింది.

ఆల్బమ్ కంటే ముందు జనం

వీళ్ళు వాయించే ప్రోగ్రెసివ్ రాక్ అన్నది మూడు నిమిషాల పాట హద్దును దాటి, సింఫనీలా, కథలా పాటను విస్తరించే పద్ధతి. అంత పెద్ద రచనను స్టూడియో గదిలో కాక జనం ముందు సానపట్టడం పింక్ ఫ్లాయిడ్ అలవాటు. 1972 జనవరి 20న బ్రైటన్ డోమ్‌లో 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' మొదటిసారి వాయించారు. 'మనీ' దగ్గరకొచ్చేసరికి సాంకేతిక లోపం వల్ల ఆపేయాల్సి వచ్చింది. మర్నాడు పోర్ట్స్‌మత్‌లో చివరిదాకా పూర్తిచేశారు. ఆల్బమ్ వచ్చింది 1973 మార్చిలో. అంటే రికార్డు కొనడానికి ఏడాది ముందే వేలమంది దాన్ని పెరుగుతుండగా విన్నారు. తర్వాత మారిపోయిన సంగీతాన్నీ, తీసేసిన భాగాలనూ గుర్తుపెట్టుకుని, అది మాకు మాత్రమే తెలిసిన పాట అని వాళ్ళు మురిసిపోవడంలో న్యాయముంది.

ఈ అలవాటుకు ఒక మూల్యం కూడా చెల్లించారు. 1972 ఫిబ్రవరిలో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో జరిగిన కచేరీని ఎవరో దొంగచాటుగా రికార్డు చేసి ఎల్పీగా అమ్మారు. అసలు ఆల్బమ్ ఇదేననుకుని కొన్నవాళ్ళున్నారు.

వేదిక కూడా ఏటేటా పెరిగింది. 1973 మేలో ఎర్ల్స్ కోర్ట్‌లో జనం తలల మీదుగా ఒక బొమ్మ విమానం దూసుకెళ్ళి వేదిక దగ్గర పేలింది. 1974లో బృందం వెనక పెద్ద గుండ్రటి తెర వచ్చింది. గడియారాల మోత, డబ్బు పెట్టె గలగల నాలుగు వైపుల నుంచీ వినిపిస్తుంటే, బొమ్మలు ఆ తెర మీద కదిలేవి. చూపులన్నీ తెర మీదికి పోయాక దాని కింద వాయిస్తున్న నలుగురూ చీకట్లో హాయిగా వాయించుకోగలిగారు.

పంది, ఉమ్ము, గోడ

1976 డిసెంబరులో 'యానిమల్స్' ఆల్బమ్ అట్ట కోసం లండన్ బాటర్‌సీ విద్యుత్ కేంద్రం మీద గాలి నింపిన పందిని ఎగరేశారు. అది తాడు తెంపుకుని విమానాలు తిరిగే దారిలోకి పోయి, చివరికి కెంట్‌లో ఒక పొలంలో దిగింది. మరుసటి ఏడాది కచేరీల్లో అలాంటి పందే చీకట్లో జనం మీదుగా తేలుతూ వచ్చేది. అప్పటినుంచీ పంది రాని ఫ్లాయిడ్ కచేరీని అభిమానులు ఊహించుకోలేరు.

అయితే 1977 నాటికి హాళ్ళు పోయి స్టేడియంలు వచ్చాయి. శబ్దాన్ని చెవి దాకా తీసుకెళ్ళిన బృందానికి, ఇప్పుడు పాట వినని వేలమంది కేకలు ఎదురయ్యాయి. జులై 6న మాంట్రియల్‌లో విసిగిపోయిన వాటర్స్, ముందువరుసలో గోల చేస్తున్న ఒక అభిమాని మీద ఉమ్మాడు. ఆ తర్వాత తన మీద తనకే అసహ్యం కలిగింది. తనకూ జనానికీ మధ్య గోడ లేచిందనిపించింది. ఆ గోడను నిజంగానే కట్టి చూపిస్తే?

'ద వాల్' అలా పుట్టింది. 1980 ఫిబ్రవరి 7న లాస్ ఏంజెలెస్ స్పోర్ట్స్ అరీనాలో మొదటి ప్రదర్శన. పాటలు సాగుతుంటే పనివాళ్ళు అట్టపెట్టెల ఇటుకలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయారు. విరామం సమయానికి సుమారు 40 అడుగుల ఎత్తు, 160 అడుగుల వెడల్పు గోడ లేచింది. బృందం దాని వెనక కనబడకుండా పోయింది. వేదిక రూపకల్పన మార్క్ ఫిషర్, జొనాథన్ పార్క్‌లది. గోడ మీద కదిలిన భయంకరమైన బొమ్మలు జెరాల్డ్ స్కార్ఫ్‌వి. తోలుబొమ్మలాటలో ఆడించేవాళ్ళు తెర వెనకే ఉంటారు, జనం చూసేది తెర మీది నీడల్నే. ఆ ఆట చూసి పెరిగిన మనకు ఈ ఏర్పాటు వింతగా తోచదు. డబ్బిచ్చి గాయకుల్ని చూడ్డానికొచ్చిన రాక్ అభిమానికి మాత్రం అది గుండెలో కలుక్కుమనిపించే అనుభవం.

ఆ కచేరీ చూసినవాళ్ళు ముందుగా చెప్పే ఘట్టం ఒకటుంది. 'కంఫర్టబ్లీ నంబ్' పాటలో కింద గోడ ముందు వాటర్స్ పాడుతుంటాడు. అతని మీది దీపం ఆరిపోతుంది. మరుక్షణం గోడ నెత్తిమీద గిల్మర్ ప్రత్యక్షమవుతాడు. వెనకనుంచి దీపాలు నేరుగా జనం కళ్ళలో పడతాయి. అతని నీడ జనం మీద పొడుగ్గా పరుచుకుంటుంది. ముఖం కనబడదు, గిటారు మాత్రం వినబడుతుంది. యూఎఫ్‌ఓ నేలమాళిగలో రంగుల కింద మొదలైన దాగుడుమూతలు ఇక్కడ పతాకస్థాయికి చేరాయి.

చివర్లో గోడ కూలుతుంది. శిథిలాల ముందుకు బృందం నడిచి వచ్చి చిన్నచిన్న వాద్యాలతో పాడి వెళ్ళిపోతుంది. రెండేళ్ళలో నాలుగు చోట్ల కలిపి 31 ప్రదర్శనలే ఇవ్వగలిగారు, ఖర్చు అంత భారీగా ఉండేది. అందుకే దాన్ని చూసినవాళ్ళను మిగతా అభిమానులు పుణ్యాత్ములుగా చూస్తారు. 1981 జూన్‌లో ఎర్ల్స్ కోర్ట్‌లో గోడ చివరిసారి కూలింది. ఆ తర్వాత ఆ నలుగురూ ఒకే వేదిక మీద కనబడడానికి ఇరవై నాలుగేళ్ళు పట్టింది.

చివరి రాత్రులు

వాటర్స్ లేని పింక్ ఫ్లాయిడ్ 1989 జులైలో వెనిస్ నగరంలో నీళ్ళ మీద తేలే వేదికపై వాయించింది. 1994 అక్టోబరు 29న ఎర్ల్స్ కోర్ట్‌లో ఇచ్చినదే వాళ్ళ ఆఖరి పూర్తిస్థాయి కచేరీ. 2005 జులై 2న హైడ్ పార్క్‌లో లైవ్ 8 కచేరీ కోసం వాటర్స్, గిల్మర్, మేసన్, రైట్ కలిశారు. కాసిని పాటలే పాడి, చివర్లో ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసి నిలబడ్డారు. మరుసటి ఏడాది బారెట్, 2008లో రైట్ కన్నుమూశారు. అందుకే ఆ కౌగిలింత ఫొటో చూసి కళ్ళు తడవని అభిమాని ఉండడు. ఎర్ల్స్ కోర్ట్ భవనాన్ని కూడా తర్వాత కూల్చేశారు.

మన దేశానికి ఈ బృందం ఎప్పుడూ రాలేదు. వాటర్స్ ఒక్కడు తన సొంత బృందంతో 2002లో బెంగళూరులో, 2007లో ముంబయిలో పాడాడు. మిగతాదంతా మనకు క్యాసెట్లలో, సీడీల్లో, పాంపేయి సినిమాలో అందింది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని గదిలో దీపం ఆర్పి విన్నవాడికి కూడా అడుగుల చప్పుడు ఒక చెవి నుంచి ఇంకో చెవికి నడిచి వెళ్ళేది, ఆ పాత పెట్టె హాల్లో నడిపించినట్టే.

వినేవాడి టేపు

1975 ఏప్రిల్ 26న లాస్ ఏంజెలెస్ స్పోర్ట్స్ అరీనాలో, అంటే అయిదేళ్ళ తర్వాత గోడ లేచిన ఆ హాలులోనే, మైక్ మిల్లార్డ్ అనే అభిమాని జనంలో కూర్చుని కచేరీని క్యాసెట్‌లో రికార్డు చేశాడు. ఇలాంటి పనిలో ఆయనది అందెవేసిన చేయి. కొన్ని కచేరీలకు చక్రాల కుర్చీలో కూర్చుని, రికార్డర్ దాని కింద దాచి తీసుకెళ్ళేవాడు. ఆ రాత్రి బృందం వాయించిన వాటిలో అప్పటికింకా రికార్డుగా రాని 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' కూడా ఉంది, సిడ్ బారెట్‌ను తలచుకుంటూ కట్టిన పాట. మిల్లార్డ్ 1994లో చనిపోయాడు. టేపు మాత్రం అభిమానుల చేతులు మారుతూ బతికింది.

2025 డిసెంబరులో 'షైన్ ఆన్' పాట ఉన్న 'విష్ యు వర్ హియర్' ఆల్బమ్ యాభై ఏళ్ళ సంచిక వచ్చినప్పుడు, సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ శుభ్రపరచిన ఆ టేపును బృందం అధికారికంగా విడుదల చేసింది. ఒకప్పుడు దొంగ రికార్డుల వల్ల నష్టపోయిన బృందమే, అనుమతి లేకుండా తీసిన ఒక అభిమాని టేపును తన చరిత్రలో చేర్చుకుంది.

అజిమత్ కోఆర్డినేటర్ పాటను వేదిక మీంచి దించి జనం మధ్యలో తిప్పింది. ఆ మధ్యలో కూర్చున్నవాడికి అది ఎలా వినిపించిందో చెప్పగల సాక్ష్యం వేదిక దగ్గర దొరకదు, కుర్చీల వరుసల్లోనే దొరకాలి. మిల్లార్డ్ టేపు నడుస్తుంటే పాటతో పాటు హాలూ వినిపిస్తుంది, చుట్టూ ఉన్న జనమూ వినిపిస్తారు. చప్పట్లు మన పక్క కుర్చీలోంచి మొదలవుతాయి.