దయ ఎక్కడ ఆగుతుంది?

జెరూసలేంలో యాత్రికుల ఆసుపత్రిగా మొదలై, 1113లో పోపు గుర్తింపు పొందిన మాల్టా నైట్ల సంఘం చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఉత్తర తెలంగాణ గుర్తొస్తుంది. సేవతోపాటు కత్తీ పట్టిన ఈ కాథలిక్ ప్రభువర్గం 1798లో నెపోలియన్ చేతిలో మాల్టా దీవిని పోగొట్టుకుంది. తర్వాత మిగిలింది ఆసుపత్రి పనే. 1958లో జెనీవాలో కుష్ఠు నివారణకు ప్రత్యేక సంఘం స్థాపించి దేశదేశాల్లో పనిచేసింది.

మన దగ్గర అలాంటి పని ప్రొటెస్టెంట్లు చేశారు. కరీంనగర్, ఆదిలాబాద్‌లకు పొరుగునే, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పింది. నర్సాగౌడ్ విరాళమిచ్చాడు. ఊరు వెలివేసిన మనిషికి మంచమూ మందూ దొరికాయి. దీన్ని వట్టి మతప్రచారమని కొట్టిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం.

అయితే దయకు ఒక హద్దుంది. అది పుండు కడుగుతుంది. ఆ మనిషి చేను ఎవరి చేతిలో ఉందని అడగదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కుష్ఠుకు బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. అదే ఏడు ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో, భూమి కోసం కూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఏలడానికి గజం నేల లేని నైట్ల సంఘాన్ని వందకు పైగా దేశాలు సార్వభౌమ సంస్థగా గౌరవిస్తున్నాయి. అడవిని చేనుగా మార్చిన గోండు మాత్రం పట్టా అడిగి ప్రాణమివ్వవలసి వచ్చింది.

కుష్ఠురోగులను వేరుచేసే 1898 నాటి బ్రిటిష్ చట్టం 2016 దాకా రద్దు కాలేదు. మందు దానంగా రావచ్చు. హక్కు మాత్రం పోరాడితేనే వస్తుంది.