అమెరికా కొన్న కలప, చైనా కొన్న కలప

పాశమైలారం నుంచో పటాన్‌చెరు నుంచో ఒక యంత్రం సముద్రం దాటాలంటే ముందు దానికి చెక్కపెట్టె కట్టాలి. ఆ చెక్క మీద గోధుమకంకి ముద్ర ఉంటుంది. పురుగు చావడానికి దాన్ని లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని ఆ ముద్రకు అర్థం. అలాంటి పెట్టెలకు వాడే, కాండ్లా రేవులో దిగే న్యూజిలాండ్ పైన్ మన టింబర్ డిపోల వాళ్లకు తెలిసిందే. నేనిప్పుడు బతుకుతున్న కెనడా రాష్ట్రం బ్రిటిష్ కొలంబియాకు పైన్, స్ప్రూస్ చెట్లే అన్నం పెట్టాయి.

ఇక్కడి అడవిలో దాదాపు 95 శాతం ప్రభుత్వానిదే. కంపెనీలు చెట్టు కొట్టుకుని స్టంపేజ్ అనే రుసుము కడతాయి. అమెరికాలో సామిల్లులకు వెళ్లే చెట్లు ఎక్కువగా ప్రైవేటు భూముల్లోవి. ‘మీ సర్కారు చెట్లను చవగ్గా ఇస్తోంది, అది సబ్సిడీయే’ అని అమెరికా మిల్లులు 1982లో ఫిర్యాదు చేశాయి. ఆ తగవు ఇంకా తెగలేదు. 1986లో కెనడాయే 15 శాతం ఎగుమతి పన్ను వేసుకోవడానికి ఒప్పుకుంది. 1996లో కోటా వచ్చింది, 2002లో అమెరికా 27 శాతం సుంకం వేసింది. 2006లో రాజీ కుదిరాక, వసూలైన దాదాపు 500 కోట్ల డాలర్లలో 400 కోట్లు వెనక్కి వచ్చాయి. ఆ ఒప్పందం 2015లో ముగిసింది, 2017లో సుంకాలు మళ్లీ మొదలయ్యాయి.

ఈ తగవు నడుస్తుండగానే చైనా కొనడానికి వచ్చింది. అమెరికాలో 2005లో 20 లక్షలకు పైగా ఇళ్ల పని మొదలైతే, 2009లో అయిదున్నర లక్షలే. ఇక్కడి మిల్లులకు పని లేకుండా పోయింది. అదే కాలంలో ఈ రాష్ట్రం నుంచి చైనా కొన్న కలప విలువ 2003లో సుమారు 7 కోట్ల కెనడా డాలర్ల నుంచి 2011లో 110 కోట్లకు ఎగబాకింది. అమెరికా మీద ఆధారపడే రోజులు పోయాయని చాలామంది సంబరపడ్డారు. నేను ఆ మాట ఒప్పుకోను. గట్టి చలి తగ్గి, బియ్యపుగింజంత పురుగు చావకుండా బతికి కోట్ల ఎకరాల్లో పైన్‌ను చంపేసింది. ఎండిన చెట్టు పగుళ్లు బారేలోపు అమ్మాలి. నీలి మరకలున్న ఆ చెక్కలో చాలా భాగం చైనాలో సెంట్రింగ్‌కు వెళ్లింది. అంటే పెరిగిన ఆ విలువలో చచ్చిపోతున్న అడవి కూడా ఉంది.

అమెరికా కొన్న కలప లెక్కనూ అలాగే జాగ్రత్తగా చూడాలి. 2021 మేలో వెయ్యి బోర్డు అడుగుల కలప ధర 1,600 డాలర్లు దాటింది, ఆగస్టుకల్లా 600 కిందికి పడింది. ఆ ఏడాది దిగుమతి విలువ ఉబ్బింది ధర వల్ల, లారీలు అంతగా పెరిగి కాదు. డాలర్ల పక్కన కొలత కూడా పెట్టని పోలికను నమ్మకండి.

ఆ అడవి అసలు ఎవరిదన్న ప్రశ్న ఈ రెండు లెక్కల్లోనూ కనిపించదు. ఈ రాష్ట్రంలో చాలా భాగం ఆదివాసీలు ఏ ఒప్పందంలోనూ రాసివ్వని నేల. 1983లో ఇచ్చిన ఒక నరికివేత అనుమతి మీద మొదలైన సిల్‌కోటీన్ జాతి పోరాటం 2014లో కెనడా సుప్రీంకోర్టులో గెలిచింది. 1,750 చదరపు కిలోమీటర్లకు పైగా నేల వాళ్లదేనని తేలింది. అడవి మీద హక్కు కోసం గోండులు పోరాడిన జోడేఘాట్ కథ తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

2025లో అమెరికా సుంకాలు అన్నీ కలిసి చాలా కంపెనీలకు సుమారు 45 శాతానికి చేరాయి. ఆ నవంబరులోనే హండ్రెడ్ మైల్ హౌస్ అనే చిన్న ఊళ్లో తన సామిల్లును మూసేస్తున్నట్టు వెస్ట్ ఫ్రేజర్ కంపెనీ ప్రకటించింది. సుంకాలు భారమేనంటూనే, గిట్టుబాటు ధరకు దుంగలు దొరకడం లేదన్న కారణాన్ని ముందు చెప్పింది. అప్పుడు అక్కడ పనిచేస్తున్నవాళ్లు సుమారు 165 మంది.