బోలు ఎముకల వ్యాధి
వయసు పైబడ్డాక ఎముకలు గుల్లబారి, చిన్న దెబ్బకే విరిగే జబ్బు. ఆస్టియోపోరోసిస్ అనీ అంటారు. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ పడిపోవడంతో స్త్రీలలో త్వరగా ముదురుతుంది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో దీన్ని మరింతగా పట్టించుకోవాలి. ఇక్కడ ఎందరో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుడుతూ పొద్దంతా నీడపట్టునే బీడీలు చేస్తారు. ఎండ తగలకుంటే ఒంట్లో విటమిన్ డి తయారుకాదు. అది చాలకుంటే తిన్న కాల్షియం సరిగా ఒంటబట్టదు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో టి-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకు దిగువకు వస్తే వ్యాధి ఉన్నట్టే. తిండి సంగతికొస్తే, 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. సకినాల్లో వేసే నువ్వులూ మేలే. అయితే ఒకసారి ఎముక విరిగినవారికి తిండి ఒక్కటే సరిపోదు. వైద్యులు అలెండ్రోనేట్ మాత్ర రాస్తే పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగాలి, తర్వాత అరగంట పడుకోకూడదు.