కంప్యూటర్ వ్యవస్థ విఫలమైతే మౌనం నష్టమే

రాయపూర్ శివారులోని ఉర్లా ఉక్కు, రోలింగ్ మిల్లులున్న పారిశ్రామికవాడ. అటువంటి చోట లెక్కలకు, సరుకు నిల్వల నిర్వహణకు నెలకొల్పిన కంప్యూటర్ వ్యవస్థ పనిచేయకపోతే కొనుగోలుదారుకు రక్షణ ఏమిటి?

ఇందుకు ఒక ఆధారం ఆంధ్రప్రదేశ్ కేసులోనే ఉంది. రాష్ట్ర ప్రభుత్వానికి, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు మధ్య నడిచిన అమ్మకపు పన్ను వివాదంలో, మార్కెట్‌లో అమ్మే సాఫ్ట్‌వేర్ కూడా సరుకేనని సుప్రీంకోర్టు 2004 నవంబరు 5న తీర్పునిచ్చింది. సరుకులకు వర్తించేది 1930 నాటి విక్రయ చట్టం. కొనుగోలుదారు తన అవసరాన్ని ముందే తెలిపి, అమ్మకందారు నైపుణ్యంపై ఆధారపడితే, సరుకు ఆ అవసరానికి తగినట్లు ఉండాలని 16వ సెక్షన్ చెబుతోంది.

అయితే తిరస్కరిస్తున్నట్లు తెలియజేయకుండా సముచిత కాలానికి మించి సరుకును ఉంచుకుంటే, 42వ సెక్షన్ ప్రకారం అంగీకరించినట్లే. ఆ తర్వాత సాధారణంగా సరుకును తిప్పి పంపే హక్కు ఉండదు. పరిహారం మాత్రమే కోరవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం పరోక్ష, దూరపు నష్టాలకు పరిహారం దక్కదు.

వివాదం విలువ 3 లక్షల రూపాయలు, అంతకు మించి ఉంటే వాణిజ్య న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చు. తక్షణ ఉత్తర్వు కోరని పక్షంలో ముందుగా మధ్యవర్తిత్వం తప్పనిసరని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఒప్పంద ఉల్లంఘన దావాకు సాధారణ గడువు 3 సంవత్సరాలు.

అందువల్ల పరీక్షలో లోపం కనిపించిన వెంటనే లిఖితపూర్వకంగా తెలియజేయడం, పని పూర్తయినట్లు ధ్రువీకరించే పత్రంపై సంతకాన్ని లోపం సరిచేసే వరకు నిలిపి ఉంచడం కొనుగోలుదారుకు మేలు.