ఎర్ర పొడి కథ: సుమాక్

గల్ఫ్‌కు వచ్చిన కొత్తలో మనలో చాలామందిమి దాన్ని కారప్పొడి అనే అనుకున్నాం. ఇరానీ హోటల్లో కబాబు, అన్నం తెప్పించుకుంటే బల్ల మీద చిన్న డబ్బాలో ముదురు ఎర్రటి పొడి ఉంటది. కారమే గదా అని దండిగా చల్లుకున్నాం. తీరా తింటే మంట లేదు, పులుపు! అరబ్బు ఇళ్లల్లో వంట చేసే మన అక్కచెల్లెళ్లకు ఇది ముందే తెలుసు. దాని పేరు సుమాక్. ఇన్నేళ్లుగా చూస్తున్న ఈ పొడి కథేమిటో ఈసారి చెప్పుకుందాం.

సుమాక్ ఒక పొద లాంటి చెట్టు కాయ. మన మామిడి, జీడిమామిడి ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల, టర్కీ, సిరియా, లెబనాన్, పాలస్తీనా, ఇరాన్ కొండల్లో పెరుగుతది. గుత్తులు ఎర్రబడ్డాక కోసి, ఎండబెట్టి, దంచి, జల్లెడ పడతారు. లోపలి గట్టి గింజను తీసేస్తే మిగిలే పైతోలే ఈ పొడి. గల్ఫ్ ఇసుక నేలలో పండే పంట కాదిది. మనలాగే బయటినుంచి వచ్చిందే.

దీని వాడకం చాలా పాతది. నిమ్మకాయ అందరికీ అందని కాలంలో గ్రీకులు, రోమన్లు పులుపు కోసం దీన్ని వాడారు. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ తన మందుల పుస్తకంలో సుమాక్ గురించి రాశాడు. విరేచనాలు పట్టినవాళ్లకు తిండి మీద చల్లి పెట్టేవారట. అరామిక్ భాషలో ఎరుపును చెప్పే మాట నుంచి దీనికి ఈ పేరు వచ్చింది.

10వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్-వర్రాఖ్ కూర్చిన వంటల పుస్తకంలో 'సుమాకియ్యా' అనే మాంసం కూర ఉంది. ఆ పేరుతోనే గాజాలో ఇప్పటికీ పండుగలకు కూర వండుతారు. సుమాక్‌ను నీళ్లలో నానబెట్టి, వడగట్టి, ఆ పులుసులో మాంసం, ఆకుకూర, శనగలు, నువ్వుల ముద్ద వేస్తారు. మన ఇళ్లల్లో చింతపండు నానబెట్టి రసం పిండే పద్ధతే గదా! ఆ చింతపండుకు అరబ్బులు పెట్టిన పేరు 'తమర్ హిందీ', అంటే హిందూ దేశపు ఖర్జూరం. వాళ్ల పులుపు మనకు కొత్తయినట్టే, మన పులుపు ఒకప్పుడు వాళ్లకూ కొత్తదే.

సుమాక్ ఓడలెక్కి వ్యాపారానికీ పోయింది. టర్కీ తీరంలో సెర్చే లిమాని దగ్గర 1025 ప్రాంతంలో మునిగిన ఒక ఓడను 1977 నుంచి 1979 దాకా తవ్వి తీశారు. గాజు సామానుతో పాటు అందులో సుమాక్ కూడా దొరికింది. ఇక దీని ఆకు తోలు పదును పెట్టే పనికి వచ్చింది. 19వ శతాబ్దంలో ఇటలీలోని సిసిలీ నుంచి ఆ ఆకు ఇతర దేశాల తోలు కార్ఖానాలకు పోయేది. కోసినోళ్లు, ఎండబెట్టినోళ్లు, మోసినోళ్లు అందరూ మనలాంటి కష్టజీవులే. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

ఇప్పుడు మన రూముల సంగతి. ఉల్లిగడ్డ సన్నగా తరిగి, సుమాక్ వేసి పిసికితే ఖుబూస్‌లోకి, కోడికూరలోకి బాగుంటది. పెరుగు మీద, ఉడికించిన గుడ్డు మీద చల్లుకోవచ్చు. అరబ్బుల ఫత్తూష్ సలాడ్‌కు రుచి దీనితోనే. పులుపు ఉంటే ఉప్పు కొంచెం తక్కువైనా నాలుక సర్దుకుంటది. బీపీ ఉన్నవాళ్లకు ఇది అక్కరకొచ్చే మాట. అయితే చాలా ప్యాకెట్లలో ముందే ఉప్పు కలిపి ఉంటది. బఖాలాలో కొనేముందు చీటీ చదవండి, చదవరాకపోతే చదివించుకోండి.

మరో ముఖ్యమైన మాట. "సుమాక్ తింటే షుగర్ పోతది" అని క్యాంపుల్లో చెప్పుకుంటున్నారు. షుగరు, కొలెస్టరాల్ మీద చిన్న చిన్న పరిశోధనలు జరిగాయి, కొన్నిట్లో కొంత మేలు కనిపించింది. అంతమాత్రాన అది గోళీకి బదులు కాదు. ఎండలో పన్నెండు గంటలు పనిచేసే మనిషి గోళీలు మానేస్తే జరిగే నష్టం చిన్నది కాదు, ఊళ్లో అతని మీద ఆధారపడ్డ ఇల్లంతా దెబ్బతింటది. జీడిపప్పు పడనివాళ్లకు సుమాక్ కూడా పడకపోవచ్చు, జాగ్రత్త.

కాబట్టి అన్నలారా, తమ్ముళ్లారా, అక్కచెల్లెళ్లారా! సుమాక్‌ను రుచికి తినండి. గోళీలు మాత్రం డాక్టరు చెప్పినట్టే వేసుకోండి. ఈ శుక్రవారం రూములో ఉల్లిగడ్డ మీద కొంచెం చల్లి చూడండి.